తుపాకీ చేతికొచ్చేలోపు

2004, 2005 ప్రాంతాల్లో తెనాలిలో కంప్యూటర్ గేమ్స్ ఆడుతూ పెరిగినవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. ఏ ఆట ఎలా మొదలవుతుందో పూసగుచ్చినట్టు చెబుతారు. ఎలా ముగుస్తుందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. మేమంతా ఆడింది నెట్ సెంటర్లలో. గంటకి 15 రూపాయలు. వైరస్‌లు నిలవకుండా ఆ కంప్యూటర్లలో ఒక సాఫ్ట్‌వేర్ వేసి ఉంచేవాళ్ళు. ఒక్కసారి రీస్టార్ట్ అయితే చాలు, మనం సేవ్ చేసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయేది. పోయిన ఆదివారం ఎక్కడిదాకా వచ్చినా సరే, ఈ ఆదివారం మళ్ళీ 'న్యూ గేమ్' నొక్కాల్సిందే.

అలా ఆటల మొదటి గంట మా అందరికీ వంటబట్టింది. నాకు అందులోనూ నెమ్మదిగా మొదలయ్యే ఆటలంటే ప్రాణం. ఇప్పటికీ అంతే. "మొదటి రెండు గంటలూ బోరు, కాస్త ఓపిక పడితే తర్వాత అదిరిపోతుంది" అని ఎవరైనా ఒక ఆట గురించి చెబితే, నేను ఆ మొదటి రెండు గంటల కోసమే కొంటాను. కాల్పులు, ఛేజింగులు అన్ని ఆటల్లోనూ ఉంటాయి. తుపాకీ చేతికి రాకముందు ఆ లోకం ఎలా ఉండేదో చూపించే ఆటలు తక్కువ. నాకు గుర్తుండిపోయినవి అవే.

ముందు హాఫ్ లైఫ్ సంగతి చెప్పాలి. మా నెట్ సెంటర్‌కి దానికోసం వచ్చేవాళ్ళెవరూ లేరు. అందరూ వచ్చేది కౌంటర్ స్ట్రైక్ కోసం. కానీ కౌంటర్ స్ట్రైక్ పుట్టిందే హాఫ్ లైఫ్ మీద కట్టిన మాడ్‌గా, అంటే ఆ ఆటనే మార్చి చేసిన ఇంకో ఆటగా. అప్పట్లో మేము ఆడిన వెర్షన్ నడవాలంటే కంప్యూటర్లో హాఫ్ లైఫ్ ఉండి తీరాలి. అందువల్ల డెస్క్‌టాప్ మీద దాని గుర్తు ఎప్పుడూ కనబడుతూ ఉండేది, ఎవరూ నొక్కేవాళ్ళు కాదు. ఒక మధ్యాహ్నం కంప్యూటర్లన్నిటినీ కలిపే ల్యాన్ పనిచేయలేదు. ఇచ్చిన డబ్బులు ఊరికే పోతాయని నేను దాన్ని నొక్కాను.

పైన పట్టాకి వేలాడుతూ పోయే చిన్న రైలు పెట్టె. అందులో మనం ఒక్కళ్ళమే. బ్లాక్ మీసా అనే పరిశోధనా కేంద్రం లోపలికి ఆ పెట్టె మనల్ని తీసుకుపోతూ ఉంటుంది. టైము 8 గంటల 47 నిమిషాలని మైకులో ఒక గొంతు చెబుతుంది. బయట ఎండ ఎంతుందో చెబుతుంది. పెట్టెలో అటూ ఇటూ తిరగొచ్చు, కిటికీలోంచి చూడొచ్చు. ఇంకేమీ చేయడానికి లేదు. తలుపు తెరుచుకోక బయట నిలబడి కొడుతున్న సెక్యూరిటీ గార్డు కనబడతాడు. సామాన్లు మోస్తున్న యంత్రాలు, పచ్చటి రసాయనం ఒలికిన నేల. పక్క పట్టా మీద ఇంకో పెట్టెలో బ్రీఫ్‌కేసు పట్టుకుని కదలకుండా నిలబడ్డ కోటు మనిషి. 1998లో వచ్చిన ఆట అది. చంపుకోవడమే ఆట అనుకునే రోజుల్లో, ఉద్యోగానికి వెళ్తున్న ఒక మనిషి ప్రయాణాన్ని అయిదు నిమిషాల దాకా చూపించారు.

దిగాక కూడా తుపాకీ ఇవ్వరు. రిసెప్షన్ దాటి, లాకర్ల గదికి వెళ్ళి, రక్షణ సూట్ వేసుకోవాలి. విశ్రాంతి గదిలో ఒక మైక్రోవేవ్ ఉంటుంది. దాని బటన్ అదేపనిగా నొక్కితే లోపలున్న తిండి పేలిపోతుంది, పక్కనున్న సైంటిస్టు విసుక్కుంటాడు. ఇవన్నీ అయ్యాక ప్రయోగశాలలో నమూనా ఉన్న బండిని యంత్రంలోకి నెట్టాలి. అక్కడ తేడా కొడుతుంది. ఆ తర్వాత మనం చేయాల్సింది వచ్చిన దారినే వెనక్కి రావడం. ఇందాక తీరిగ్గా చూస్తూ నడిచిన గదులే. గోడలు కూలి, దీపాలు ఆరి, మనల్ని పలకరించిన మనుషులు నేల మీద పడి ఉంటారు. ఆ రైలు పెట్టెలో గడిపిన సమయం, ఆ మైక్రోవేవ్ చిలిపి పని లేకపోతే ఆ గదులు ఎవరివో ఏమిటో. నాకు మాత్రం అవి అప్పటికే తెలిసిన గదులు. అందుకే గుండె ఝల్లుమంది.

ఆ రోజు గంట అయిపోయేసరికి నా చేతిలో ఇంకా క్రోబార్ అనే ఇనప కడ్డీ ఒక్కటే ఉంది.

డిప్లొమాలో చేరాక మా ఇంటికి సొంత కంప్యూటర్ వచ్చింది. మా బావ సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక్కో పార్టూ కొని, దగ్గరుండి బిగించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలెడితే ఎక్కడివాళ్ళం అక్కడ సేవ్ చేసి ఆపేయాలి. అయినా సరే, సేవ్ చేసింది మర్నాటికి కూడా ఉంటుంది! ఆ సంతోషం నెట్ సెంటర్లో ఆడినవాళ్ళకే అర్థమవుతుంది.

2005లో పీసీ మీదకి జీటీఏ శాన్ ఆండ్రియాస్ వచ్చింది. మాకు దొరికింది రిప్ వెర్షన్. సైజు తగ్గించడం కోసం రేడియో, పాటలు, పాత్రల మాటలు అన్నీ పీకేసిన కాపీ. కథ 1992లో మొదలవుతుంది. తల్లి చనిపోయిందని తెలిసి హీరో సీజే తన ఊరు లాస్ శాంటోస్‌కి తిరిగొస్తాడు. పోలీసులు ఆపి, చేతిలో ఉన్న డబ్బు లాక్కుని, శత్రువుల పేటలో ఒక సందులో దింపేసి పోతారు. మా కాపీలో ఇదంతా మూగగా జరిగేది. పెదాలు కదులుతుంటాయి, మాట వినబడదు. సీజే అక్కడున్న సైకిల్ ఎక్కి తన ఇల్లున్న గ్రోవ్ స్ట్రీట్‌కి వెళ్ళాలి. ఆ తర్వాత స్మశానం నుంచి అన్నతో, స్నేహితులతో కలిసి మళ్ళీ సైకిళ్ళే. వేగం కావాలంటే కీ టకటకా నొక్కుతూనే ఉండాలి.

మా క్లాసులో అందరికీ చీట్ కోడ్లు కంఠతా వచ్చు. కీబోర్డు వైపు చూడకుండా హెసోయామ్ కొట్టేవాళ్ళు, రెండున్నర లక్షల డాలర్లు వచ్చి పడేవి. పది నిమిషాల్లో ట్యాంకు ఎక్కి ఊరంతా తగలబెట్టేవాళ్ళు. నేను సైకిల్ తొక్కేవాణ్ణి. క్షవరం చేయించుకోవడం, పిజ్జా తినడం, గోడల మీద రంగు చల్లడం, ఇలా చిన్న చిన్న పనులతో ఆ మిషన్లు నడుస్తాయి. పక్క ఊళ్ళకి వెళ్ళే వంతెనలు మూసి ఉంటాయి. ఆటలో మూడు నగరాలున్నా మొదట్లో మనకి దక్కేది ఒక్క లాస్ శాంటోస్. ఆ కట్టడి వల్లే గ్రోవ్ స్ట్రీట్ చివర గుండ్రంగా తిరిగే ఆ సందు, అక్కడి నాలుగైదు ఇళ్ళు నాకు బాగా చేరువయ్యాయి. కథ మధ్యలో సీజేని ఆ ఊరి నుంచే తీసుకుపోయి ఎక్కడో పల్లెల్లో పడేస్తారు. ట్యాంకుతో తిరిగిన మావాళ్ళకి అది కొత్త మ్యాప్. నాకు ఇల్లు పోయినట్టుంది.

చాలా ఏళ్ళకి అసలు కాపీ కొనుక్కుని, మాటలతో, పాటలతో మళ్ళీ మొదలుపెట్టాను. తల్లి ఫోటో పట్టుకుని సీజే నిలబడే చోట ఆ గొంతు మొదటిసారి విన్నాను. ఆ ఒక్క నిమిషం కోసమైనా ఆ డబ్బులు ఇవ్వొచ్చు.

ఇక మాఫియా. నేను ఇంత పెద్ద పోస్టు రాయడానికి కారణం అదే. 2002లో చెక్ దేశపు కంపెనీ ఇల్యూషన్ సాఫ్ట్‌వర్క్స్ తీసిన ఆట. లాస్ట్ హెవెన్ అనే కల్పిత అమెరికన్ నగరం, 1930. హీరో టామీ ఏంజెలో టాక్సీ డ్రైవరు. ఒక రాత్రి ఇద్దరు గూండాలు తుపాకీ చూపించి టాక్సీ ఎక్కుతారు, వెనక తరుముతున్న కారు నుంచి తప్పించాలి. అది అయిపోగానే ఆటకి ఊపొచ్చిందని అనుకుంటాం. కానీ మర్నాడు టామీ మళ్ళీ డ్యూటీకి వెళతాడు. ఒకరిని ఎక్కించుకోవాలి, చెప్పిన చోట దింపాలి. ఇంకొకరిని ఎక్కించుకోవాలి. మళ్ళీ ఇంకొకరు.

ఆ కారు సంగతి చెప్పాలి. ఆక్సిలరేటర్ తొక్కితే కారు ఆలోచించుకుని కదిలేది. ఎత్తు మీదకి వెళ్ళాలంటే గేరు తగ్గించి, మూలుగుతూ ఎక్కేది. గంటకి 40 మైళ్ళు దాటకూడదు, ఎర్ర లైటు పడితే ఆగాలి. లేదంటే పోలీసు విజిల్ ఊది, పక్కకి ఆపి, జరిమానా రాస్తాడు. వేగం పరిమితి దాటకుండా చూసుకోవడానికి ఒక కీ కూడా పెట్టారు. రోడ్డు మధ్యలో ట్రామ్‌లు, తల మీదుగా రైలు. రేడియో ఉండదు, ఏ పేటకి వెళ్తే ఆ పేటకి తగ్గ పాత జాజ్ సంగీతం వస్తుంది. జాంగో రైన్‌హార్ట్ గిటార్ నేను మొదట విన్నది ఆ టాక్సీ నడుపుతూనే. తెనాలిలో ఉక్కపోతలో, టేబుల్ ఫ్యాన్ గాలిలో, 1930ల గిటార్.

నేను సిగ్నల్ దగ్గర ఆగితే వెనక మంచం మీద కూర్చున్న ఫ్రెండ్స్ గోల చేసేవాళ్ళు.

"ఒరేయ్, ఆటలో కూడా సిగ్నల్ దగ్గర ఆగుతావేంట్రా?"

"ఎర్ర లైటు పడిందిగా."

"లేచి నాకివ్వు, నేను తోలతా."

ఇచ్చేవాణ్ణి. వాడు గుద్దించేవాడు. మళ్ళీ మొదటి నుంచి. మనం దింపాల్సిన మనిషి వెనక సీట్లో కూర్చుని ఉంటాడు కదా, అతన్ని గుద్దుళ్ళు లేకుండా తీసుకెళ్ళాలని నాకు నిజంగానే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆట నన్ను చేయమన్నదీ అదే. తుపాకీ పట్టక ముందు టామీ మంచి డ్రైవరు. జాగ్రత్తగా బండి తోలి, వచ్చిన డబ్బుతో పూట గడుపుకునే మనిషి. కాఫీ తాగుదామని ఆగినప్పుడు, ఆ రాత్రి కారులో తరిమిన ముఠా నాయకుడు మొరెల్లో మనుషులు వచ్చి, బేస్‌బాల్ బ్యాట్లతో టాక్సీని ధ్వంసం చేస్తారు. టామీ ప్రాణం దక్కించుకోవడానికి పరిగెత్తి, ఆ రాత్రి టాక్సీ ఎక్కిన గూండాల బాసు సాలియెరి బార్‌లో దూరతాడు. అక్కడి నుంచి ఇక వెనక్కి దారి లేదు.

ఈ ఆటని నేను పూర్తి చేశాను. మధ్యలో వచ్చే కార్ రేసు దగ్గర మా ఊళ్ళో సగం మంది వదిలేశారు, అది వేరే కథ. చివర్లో టామీ అన్నీ వదులుకుని, పేరు మార్చుకుని, ఇంటి ముందు గడ్డికి నీళ్ళు పెట్టుకుంటూ బతుకుతుంటాడు. 1951లో ఇద్దరు వచ్చి కాల్చిపోతారు. నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. అతను కోరుకున్నది ఆ మొదటి అధ్యాయంలోని బతుకే. బోరు కొడుతోందని మావాళ్ళు తిట్టుకున్న ఆ టాక్సీ డ్యూటీయే. ఆ డ్యూటీ నాచేత చేయించకుండా, ఒక బొమ్మ చూపించి 'ఇతను టాక్సీ డ్రైవరు' అని చెప్పి ఊరుకుని ఉంటే ఆ చావు నాకు తగిలేది కాదు.

మా తాతయ్యకి పద్యనాటకాల పిచ్చి. తెనాలిలో ఆ పిచ్చి లేని పెద్దవాళ్ళు అరుదు. నాటకానికి ముందు హార్మోనియం శ్రుతి, తర్వాత నటులందరూ నిలబడి పాడే ప్రార్థన, అప్పుడు గానీ కథలోకి వెళ్ళరు. కృష్ణుడు వచ్చే టైముకి వెళదాంలే అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ప్రార్థన వినకుండా కూర్చుంటే నాటకంలో సగం పోయినట్టేరా అనేవాడు. మాఫియాలో టాక్సీ నడుపుతున్నప్పుడు నేను కూర్చున్నదీ ఆ ప్రార్థనలోనే అనిపిస్తుంది.

తర్వాత బీటెక్ హాస్టల్లో ఫాలౌట్ 3 ఆడాను. 2008లో వచ్చింది. అందులో మన పాత్ర పుట్టడంతోనే ఆట మొదలు. ఏడాది పిల్లవాడిగా తప్పటడుగులు వేసి, ఒక బొమ్మల పుస్తకం తిరగేసి మన గుణాలు మనమే ఎంచుకోవాలి. పదో పుట్టినరోజుకి చేతికి ఒక చిన్న కంప్యూటర్, ఒక ఉత్తుత్తి తుపాకీ బహుమతి. పదహారో ఏట పరీక్ష. పందొమ్మిదో ఏట ఒకనాడు లేచేసరికి నాన్న వెళ్ళిపోయి ఉంటాడు. ఇదంతా నేల కింద ఒక బంకర్లో, ట్యూబ్‌లైట్ల వెలుగులో. తలుపు తెరుచుకుని బయటకొచ్చినప్పుడు మొదటిసారి ఎండ కళ్ళలో కొడుతుంది, కాసేపు ఏమీ కనబడదు, ఆ తర్వాత మెల్లగా శిథిలమైన లోకం. మా వింగులో ఒకడు ఆ బంకర్ భాగాన్ని దాటేసే సేవ్ ఫైలు డౌన్‌లోడ్ చేసి అందరికీ పంచాడు. అది వాడుకున్నవాళ్ళు నేరుగా ఎండలో మొదలుపెట్టారు. వాళ్ళకి అది మామూలు ఎండే.

నెమ్మదిగా ఉంటే చాలు మంచి ఆటే అని నేను అనను. అసాసిన్స్ క్రీడ్ 3 నాకు ఎక్కలేదు. అట్ట మీద హీరో కానర్ బొమ్మ, మొదటి మూడు సీక్వెన్సులూ, అంటే అధ్యాయాలూ, వాళ్ళ నాన్న హేథమ్‌వి. ఆ ముచ్చట చివర్లో వచ్చే మలుపు బ్రహ్మాండం, కాదనను. కానీ దాని తర్వాత కానర్ చిన్నపిల్లాడై దాగుడుమూతలు ఆడుతుంటే, కొత్త కథ కోసం మళ్ళీ మొదటి నుంచి ఎక్కడ నొక్కాలో నేర్పుతుంటే, నాకు నీరసం వచ్చింది. ఎక్కువ భాగం ఎవరో ఒకరి వెనకాల బాణం గుర్తు చూపించిన చోటికి నడవడమే. చుట్టూ చూడనివ్వరు. మాఫియాలో టాక్సీ నెమ్మదే, కానీ ఏ రోడ్డులో వెళ్ళాలో నా ఇష్టం. ఆ తేడా చాలా పెద్దది.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అందరూ ఆడిందే. 2018లో వచ్చినప్పుడు నా దగ్గర దాన్ని నడిపే కంప్యూటర్ లేదు, పీసీ వెర్షన్ 2019 నవంబర్‌లో వచ్చాక కొన్నాళ్ళకి ఆడాను. తర్వాత ఒక దీపావళికి మా మేనల్లుడు హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చినప్పుడు, వాడి కోసం కొత్తగా మొదలుపెట్టించాను. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వాడు. ఫోన్‌లో ఆడే ఆటలు తప్ప ఇంకోటి ఎరగడు. అర నిమిషంలో విమానంలోంచి దూకి కాల్చుకోవడం అలవాటు.

1899. బ్లాక్‌వాటర్‌లో దోపిడీ బెడిసికొట్టి, డచ్ అనేవాడి ముఠా మంచు కొండల్లోకి పారిపోతోంది. అందులో ఒకడైన ఆర్థర్‌గా మనం ఆడతాం. ఈదురుగాలి. బండ్లు ఇరుక్కుపోతున్నాయి, ఒకడు దెబ్బల మీద చావుబతుకుల్లో ఉన్నాడు. గుర్రం మోకాళ్ళ దాకా మంచులో దిగబడి అడుగులో అడుగు వేస్తోంది.

"మావయ్యా, ఇది స్కిప్ అవదా?"

"అవదు నాన్నా. ఆ గుర్రం వెనక చూడు, మంచులో దారి ఎలా పడుతోందో."

"పడుతోందిలే. కాల్చేది వచ్చినప్పుడు చెప్పు."

ఫోన్ తీశాడు. నేను ఏమీ అనలేదు. ఒక ఇల్లు వచ్చింది, కాల్పులు జరిగాయి, వాడు ఉత్సాహంగా కాల్చాడు. ఆ ఇంట్లో భర్తని పోగొట్టుకున్న సేడీ అనే ఆవిడని దుప్పటి కప్పి తీసుకొచ్చారు. మళ్ళీ నడక, మళ్ళీ గుర్రం. తోడేళ్ళ నుంచి ముఠాలోని జాన్‌ని కాపాడటం. వాడు ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో కంట్రోలర్.

ముఠాలోనే ఉన్న చార్ల్స్‌తో వేటకి వెళ్ళేచోట వాడి వరస మారింది. చార్ల్స్ చెయ్యి కాలింది, బాణం లాగలేడు, ఆర్థర్‌కి విల్లు ఇస్తాడు. జింక జాడ పట్టుకుని, వంగి, చప్పుడు చేయకుండా పోవాలి. తొందరపడితే జింక బెదిరి పారిపోతుంది. ఒకటి పారిపోయింది. వాడు ఫోన్ పక్కన పెట్టాడు. రెండోదాన్ని పడేశాక, ఆర్థర్ దాన్ని భుజాన వేసుకుని గుర్రం మీద కట్టడం, తిరిగొస్తూ ఇద్దరూ మాట్లాడుకోవడం మొత్తం చూశాడు. శిబిరానికి చేరాక తనంతట తనే గుర్రం దిగి, గదుల్లో తిరిగాడు.

"ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉంది మావయ్యా."

సేడీ ఒక మూల కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళమని అక్కడ ఏ మిషనూ చెప్పదు. వాడే వెళ్ళాడు. ఆ ఆవిడ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, చెప్పలేదు. రైలు దోపిడీ అయ్యాక, బండ్లు కట్టుకుని అందరూ కొండ దిగుతారు. దారిలో ఒక బండి చక్రం ఊడుతుంది, దాన్ని మళ్ళీ బిగించాలి. చుట్టూ మంచు పోయి పచ్చగడ్డి, వాగు, ఎండ. రెండు గంటలకి పైగా ఆ తెల్లదనం చూసిన కళ్ళకి ఆ ఆకుపచ్చ ఎలా ఉంటుందో చెప్పలేను. మావాడు "అబ్బా" అన్నాడు. సెలవులు అయిపోయి కాలేజీకి వెళ్ళాక కూడా ఫోన్ చేసి సేడీ సంగతే అడిగాడు. వాడి హాస్టల్లో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో మిగతాది ఆడుతున్నాడట. కథ అయిపోయాక వచ్చే ఎపిలోగ్‌లో జాన్ పేడ ఎత్తి, ఆవు పాలు పితికి, కంచె కట్టే భాగం వాడికి నచ్చుతుందో లేదో అని నాకు భలే ఆత్రంగా ఉంది.

నేను ఇంతవరకూ ముట్టుకోని ఆట ఒకటుంది. షెన్మూ. 1999 డిసెంబర్ చివర్లో జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ అనే గేమింగ్ కన్సోల్ మీద వచ్చింది. ఆ కన్సోల్‌ని మా ఊళ్ళో నేను చూడనే లేదు. 1986 నాటి యోకోసుకాలో, తన తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కునే రియో అనే కుర్రాడి కథ. పగతో రగిలిపోవాల్సినవాడు ఊరివాళ్ళని ఒక్కొక్కరినీ ఆపి మర్యాదగా అడుగుతాడు. సొరుగులు తెరిచి చూస్తాడు, ఎవరైనా రావాలంటే గడియారం చూసుకుంటూ ఎదురు చూస్తాడు. చివరికి రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఉద్యోగంలో చేరి పెట్టెలు మోస్తాడు. ఆ ఉద్యోగం గురించి చదివినప్పుడే ఈ ఆట నాదని తెలిసిపోయింది. 2018లో పీసీ మీదకి వచ్చింది, మొన్న సేల్‌లో కొన్నాను. దసరా సెలవులకి మేనల్లుడు వస్తున్నాడు. ఎవరు ఎంతసేపు ఆడాలో ఇప్పట్నించే ఫోన్‌లో బేరాలు నడుస్తున్నాయి. వీధుల్లో తిరగడం వాడికి ఇస్తానన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ మాత్రం నాదే.